అద్దే ఈఎంఐ కట్టేస్తుందా? పొరుగు రాష్ట్రంలో ఫ్లాట్‌ కొనే ముందు వేయాల్సిన లెక్క

ఉద్యోగంలో చేరి ఆరు నెలలు తిరక్కుండానే ‘మీకు హోమ్‌లోన్‌ ప్రీ అప్రూవ్డ్‌’ అంటూ బ్యాంకు మెసేజ్‌ వస్తుంది. ఆఫీసు క్యాంటీన్‌లో సీనియర్‌ చెప్పేదీ, పండక్కి ఊరెళ్తే బాబాయి చెప్పేదీ ఒకటే: ‘ఓ ఫ్లాట్‌ కొని పడెయ్‌రా. అద్దెకిచ్చేస్తే ఈఎంఐ అదే కట్టేసుకుంటుంది.’ ఉద్యోగం పుణెలో, ఫ్లాట్‌ హైదరాబాద్‌లో. లేదంటే ఉద్యోగం హైదరాబాద్‌లో, ఫ్లాట్‌ బెంగళూరులో. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఒక సంతకంతో 20 ఏళ్ల అప్పు నెత్తికెత్తుకునే ముందు ఆ ఒక్క మాట నిజమో కాదో తేల్చుకోవాలి. ప్లేస్‌మెంట్ల కోసం చూస్తున్న మీకు ఇప్పుడే ఇదంతా ఎందుకంటారా? మొదటి జీతం తర్వాత తీసుకునే పెద్ద నిర్ణయాల్లో ఇదొకటి. అప్పటికప్పుడు నేర్చుకోవడానికి టైమ్‌ ఉండదు.

అమెరికా సూత్రం ఇక్కడ పారదు

యూట్యూబ్‌లో, రీల్స్‌లో ‘1 శాతం రూల్‌’ గురించి వినే ఉంటారు. ఇంటి ధరలో 1 శాతం నెల అద్దెగా వస్తే కొనేయొచ్చు అన్నది దాని సారాంశం. అది అమెరికాలో పుట్టిన సూత్రం. శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి నగరాల్లో ధరలు ఆకాశంలో ఉంటాయి కాబట్టి అక్కడి ఉద్యోగులు కొందరు ఒహాయో, ఇండియానా లాంటి రాష్ట్రాల్లో తక్కువ ధరకు ఇళ్లు కొని అద్దెకిస్తారు. అక్కడున్న మన తెలుగువాళ్లూ ఈ పద్ధతి పాటిస్తుంటారు. వాళ్లకు మూడు వెసులుబాట్లున్నాయి. ధరతో పోలిస్తే అద్దె ఎక్కువ. 30 ఏళ్ల పాటు మారని వడ్డీకి అప్పు దొరుకుతుంది. అద్దెలో కొంత శాతం తీసుకుని ఇల్లు చూసుకునే కంపెనీలు దాదాపు ప్రతి ఊళ్లో ఉంటాయి.

మన దగ్గర ఈ మూడూ వేరుగా ఉంటాయి. మన పెద్ద నగరాల్లో ఇంటి మీద వచ్చే అద్దె సాధారణంగా ఏడాదికి ధరలో 2 నుంచి 4 శాతం మధ్యే. 60 లక్షల ఫ్లాట్‌కు 1 శాతం రూల్‌ ప్రకారం నెలకు 60 వేలు రావాలి. 3 శాతం లెక్కన మన దగ్గర వచ్చేది 15 వేలు! సరిగ్గా నాలుగో వంతు.

ఇక హోమ్‌లోన్‌ వడ్డీ. మన దగ్గర ఎక్కువగా ఫ్లోటింగ్‌ రేటే. రిజర్వ్‌ బ్యాంకు రెపో రేటు కదిలితే ఇదీ కదులుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రెపో రేటు 4 శాతం నుంచి 6.5 శాతానికి పెరిగింది. 2025లో మళ్లీ తగ్గింది. రెండున్నర శాతం అంటే చిన్న విషయంగా కనిపిస్తుంది. 48 లక్షల అప్పు 20 ఏళ్లకు తీసుకున్నవాళ్లకు వడ్డీ 6.75 నుంచి 9.25 శాతానికి మారితే, గడువు పెంచకపోతే, ఈఎంఐ నెలకు 7 వేలకు పైగా పెరుగుతుంది. కిరాయిదారు మాత్రం రెపో రేటు పెరిగిందని అద్దె పెంచడు.

కాగితం మీద పెట్టి చూద్దాం

హైదరాబాద్‌లో 60 లక్షల ఫ్లాట్‌ అనుకుందాం. ఇది ఉదాహరణే, మీ ఊరి అంకెలు వేసుకుని మళ్లీ లెక్కగట్టుకోండి.

రిజర్వ్‌ బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల దాకా ఉన్న గృహ రుణానికి బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం వరకే ఇస్తుంది. అంటే అప్పు 48 లక్షలు. మిగతా 12 లక్షలు మీవి. స్టాంప్‌ డ్యూటీ, రిజిస్ట్రేషన్‌ ఖర్చులను బ్యాంకు ఆ విలువలో కలపదు. తెలంగాణలో ఫ్లాట్‌ కొంటే ఇవన్నీ కలిపి 7.5 శాతం, అంటే 4.5 లక్షలు. లాయరు, లోన్‌ ప్రాసెసింగ్‌, ఫ్యాన్లు, గీజర్‌, చిన్నచిన్న చెక్కపని.. ఓ లక్షన్నర వేసుకోండి. తాళం చేతికి రాకముందే జేబులోంచి 18 లక్షలు పోయాయి.

8.5 శాతం వడ్డీకి 48 లక్షలు, 20 ఏళ్లు. ఈఎంఐ సుమారు 41,650 రూపాయలు. ఏడాదికి దాదాపు 5 లక్షలు.

ఇప్పుడు అద్దె వైపు చూద్దాం. నెలకు 15 వేల చొప్పున ఏడాదికి 1,80,000. ఇందులోంచి పోయేవి:

- ఒకళ్లు ఖాళీ చేసి ఇంకొకళ్లు వచ్చేదాకా ఒక నెల ఖాళీ: 15,000
- కొత్తవాళ్లను తెచ్చిన బ్రోకర్‌కు సగం నెల అద్దె: 7,500
- ఇంటి పన్ను, బీమా: 6,000
- పెయింటు, ప్లంబింగ్‌, మోటారు రిపేర్లు: 12,000
- ఇల్లు చూసుకునే మనిషికి వసూలైన అద్దెలో 10 శాతం: 16,500
- ఏడాదికి రెండుసార్లు మీరు వెళ్లిరావడానికి: 10,000

మొత్తం 67,000. చేతికి మిగిలేది 1,13,000. ఇంటి ధర మీద చూస్తే 2 శాతం కూడా కాదు. కట్టాల్సింది 5 లక్షలు, వచ్చింది లక్షా పదమూడు వేలు. తేడా నెలకు 32 వేలకు పైనే. అది మీ జీతంలోంచి పోవాలి.

‘ఈఎంఐలో అసలు కూడా ఉంది కదా, అది నా ఆస్తే కదా’ అంటారు. కరెక్టే. అయితే మొదటి ఏడాది కట్టే 5 లక్షల్లో దాదాపు 4 లక్షలు వడ్డీకే పోతాయి. అసలులో తగ్గేది లక్షకు కాస్త తక్కువ. వడ్డీలోంచి అద్దె తీసేస్తే ఏడాదికి 2.9 లక్షలు నికరంగా పోతున్నట్టు. అంటే ఇంటి ధర ఏటా కనీసం 5 శాతం పెరిగితే తప్ప మీరు ఉన్నచోటనే ఉండరు. ముందు పెట్టిన 18 లక్షలు ఇంకోచోట పెడితే వచ్చే రాబడి ఇందులో కలపనే లేదు.

కాబట్టి మొదటి నిజం ఇది. మన నగరాల్లో 80 శాతం అప్పుతో కొన్న ఫ్లాట్‌కు అద్దె ఈఎంఐ కట్టదు. కొనేవాళ్లు నిజానికి పందెం కాస్తున్నది అద్దె మీద కాదు, ధర పెరుగుదల మీద. ఆ సంగతి తెలిసి కొనడం వేరు, అద్దె మీద భరోసాతో కొనడం వేరు.

దూరం కూడా ఒక ఖర్చే

పైన లెక్కలో చివరి రెండు లైన్లు మళ్లీ చూడండి. చూసుకునే మనిషికి 16,500, ప్రయాణాలకు 10,000. మీరు అదే ఊళ్లో ఉంటే ఈ రెండూ చాలావరకు ఉండవు. అంటే దూరం ఒక్కటే ఏడాదికి దాదాపు రెండు నెలల అద్దె తినేస్తోంది. ఇవి కనిపించే ఖర్చులు. కనిపించనివి ఇంకా ఉన్నాయి.

సొంత ఊళ్లో అయితే కుళాయి కారుతుందంటే సాయంత్రం వెళ్లి చూసొస్తారు. 600 కిలోమీటర్ల దూరంలో ఉంటే ప్లంబర్‌ ఎంత చెబితే అంత. కిరాయిదారు మూడు నెలలు అద్దె ఇవ్వకపోతే ఫోన్లో ఎంతసేపు అరుస్తారు? కోర్టుకు వెళ్లాలన్నా సాధారణంగా ఆస్తి ఎక్కడుంటే అక్కడి కోర్టుకే వెళ్లాలి. మీరు పనిచేసే ఊళ్లో కేసు వేయడం కుదరదు. ఒక్కో వాయిదాకు ఒక్కో సెలవు.

ఇంకో విషయం చాలామంది గమనించరు. 2014 జూన్‌ 2 నుంచి విజయవాడ, గుంటూరు వాళ్లకు హైదరాబాద్‌ కూడా పొరుగు రాష్ట్రమే. భాష అదే, బంధువులూ ఉంటారు. కానీ స్టాంప్‌ డ్యూటీ వేరు, రెరా వేరు, రికార్డుల పోర్టల్‌ వేరు. ‘మన హైదరాబాదే కదా’ అని పరిశీలన తగ్గించకూడదు.

జీతం, అద్దె రెండూ ఒకేసారి ఆగితే?

ఐటీ ఉద్యోగి ఐటీ కారిడార్‌లోనే ఫ్లాట్‌ కొంటాడు. గచ్చిబౌలి, వైట్‌ఫీల్డ్‌, హింజెవాడి.. ఎక్కడైనా కిరాయికి వచ్చేది ఇంకో ఐటీ ఉద్యోగే. అంతా బాగున్నప్పుడు ఇది గొప్ప ఏర్పాటు. పరిశ్రమకు జలుబు చేస్తే మాత్రం ఇద్దరికీ ఒకేసారి తుమ్ములు. 2020లో కొవిడ్‌ వచ్చి వర్క్‌ ఫ్రమ్‌ హోమ్‌ మొదలయ్యాక ఉద్యోగులు గదులు ఖాళీ చేసి సొంతూళ్లకు వెళ్లిపోయారు. టులెట్‌ బోర్డులు గేట్లకు వేలాడాయి. లేఆఫ్‌ల కాలంలోనూ అంతే. మీ జీతానికి ముప్పు వచ్చిన నెలలోనే మీ ఫ్లాట్‌ ఖాళీ అయ్యే అవకాశం ఎక్కువ. ఈఎంఐ మాత్రం 5వ తేదీకి ఠంచనుగా కట్టయిపోతుంది.

కెరీర్‌ పేజీలో ఈ విషయం రాయడానికి అసలు కారణం ఇదే. ఉద్యోగంలో మొదటి నాలుగైదేళ్లు కంపెనీ మారడానికి, కొత్త టెక్నాలజీ నేర్చుకోవడానికి, అవసరమైతే తక్కువ జీతానికి మంచి పనిలో చేరడానికి, ఎంటెక్‌కో ఎంబీఏకో వెళ్లడానికి దొరికే కాలం. నెలకు 32 వేల లోటు నెత్తి మీద ఉన్నవాళ్లు స్టార్టప్‌ ఆఫర్‌ వస్తే ‘ఈఎంఐ ఉంది’ అంటారు. మేనేజర్‌ వేధిస్తున్నా ‘ఈఎంఐ ఉంది’ అంటారు. ఈ ధర ఏ బ్రోషర్‌లోనూ ఉండదు.

మరి ఎప్పుడు కొనొచ్చు?

కొనకూడదని కాదు. ఈ నాలుగింటికీ ‘అవును’ అనగలిగితే ముందుకెళ్లొచ్చు.

ఒకటి, ఆ ఊళ్లో కనీసం ఏడాది అద్దెకు ఉన్నారా? బ్యాచిలర్లకు ఇల్లివ్వమని గేటు దగ్గరే తిప్పి పంపించిన అపార్ట్‌మెంట్లు, నీళ్ల ట్యాంకర్‌ మీద నడిచే కాలనీలు, వానొస్తే మోకాళ్ల లోతు నీళ్లు నిలిచే రోడ్లు అద్దెకున్నవాళ్లకే తెలుస్తాయి. కిరాయిదారుగా గడిపిన ఏడాదే ఓనర్‌ కావడానికి అసలైన ట్రైనింగ్‌.

రెండు, అద్దె సున్నా అనుకున్నా ఆరు నెలల ఈఎంఐ కట్టేంత డబ్బు పక్కన ఉందా? ఇంటికి పెట్టే 18 లక్షలు కాకుండా.

మూడు, ఎడ్యుకేషన్‌ లోన్‌ తీరిందా? కనీసం అదుపులోకి వచ్చిందా? దాని కిస్తీలు సరిగ్గా కట్టిన చరిత్రే రేపు హోమ్‌లోన్‌కు మీ క్రెడిట్‌ స్కోర్‌ను నిలబెడుతుంది.

నాలుగు, అయిదారేళ్ల వరకు ఈ డబ్బు అవసరం పడదా? షేర్లయితే అవసరమైనన్ని అమ్ముకోవచ్చు. డబ్బు అవసరమైందని ఫ్లాట్‌లో వంటగది ఒక్కటే అమ్ముకోలేం కదా!

రాష్ట్రం మారితే కాగితం పేరు మారుతుంది

మనకు అలవాటైన మాటలు ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ఓసీ. అవే సంగతులు వేరే రాష్ట్రంలో వేరే పేర్లతో, వేరే లిపిలో ఉంటాయి.

కర్ణాటకలో ‘ఖాతా’ ముఖ్యం. బెంగళూరులో ఎ-ఖాతా, బి-ఖాతా అనే తేడా ఉంది. బి-ఖాతా ఆస్తి ధర తక్కువ చెబుతారు. కానీ అనుమతుల్లో లోపాలున్న ఆస్తులకు ఇచ్చే నమోదు అది. బ్యాంకు రుణానికీ, తర్వాత అమ్మకానికీ ఇబ్బంది పడొచ్చు. ఈసీ ‘కావేరి’ పోర్టల్‌లో దొరుకుతుంది. తమిళనాడులో పట్టా, ‘విల్లంగం’ సర్టిఫికెట్‌ అంటారు. విల్లంగం అంటే మన ఈసీనే. మహారాష్ట్రలో భూమికి ‘సాత్‌ బారా’, రిజిస్ట్రేషన్‌కు ‘ఇండెక్స్‌ 2’, హౌసింగ్‌ సొసైటీ ఉంటే షేర్‌ సర్టిఫికెట్‌ చూడాలి. అక్కడ రిజిస్ట్రేషన్‌ ఫీజుకు 30 వేల పరిమితి ఉంది. మహిళల పేరిట ఇల్లు కొంటే స్టాంప్‌ డ్యూటీలో 1 శాతం రాయితీ ఉంది. హిమాచల్‌ప్రదేశ్‌లోనైతే అక్కడి వ్యవసాయదారులు కానివాళ్లు భూమి కొనాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. కొండల్లో హోమ్‌స్టే కలలు కనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కన్నడ, తమిళ, మరాఠీ పత్రాలు ట్రాన్స్‌లేట్‌ యాప్‌లో పెట్టి చదివి సంతృప్తి పడొద్దు. ఆ ఊరి లాయర్‌ను మీరే వెతుక్కుని, మీరే ఫీజు ఇచ్చి చూపించండి. బిల్డర్‌ పరిచయం చేసిన లాయర్‌ బిల్డర్‌ మనిషే. బ్యాంకు లాయర్‌ చూసేది బ్యాంకు అప్పు భద్రత కోసం.

దేశమంతా ఒకేలా పనికొచ్చేది రెరా చట్టం. 2016లో వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో, లేదా ఎనిమిది ఫ్లాట్లకు మించి కట్టే ప్రాజెక్టు రెరాలో నమోదు కాకుండా అమ్మకాలు చేయకూడదు. కొనుగోలుదారుల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే వేరే ఖాతాలో ఉంచాలి. సేల్‌ అగ్రిమెంట్‌ రిజిస్టర్‌ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఆయా రాష్ట్రాల రెరా వెబ్‌సైట్లో ప్రాజెక్టు నంబర్‌ కొట్టి చూడ్డానికి అయిదు నిమిషాలు చాలు. ‘ప్రీ లాంచ్‌ ఆఫర్‌, ఇప్పుడు మొత్తం కడితే సగం ధరకే’ అన్నారంటే ఇక మాట్లాడాల్సింది లేదు. దూరంగా ఉండండి. ‘అయిదేళ్లు గ్యారంటీ అద్దె మేమే ఇస్తాం’ అన్నదీ అలాంటిదే. ఆ అద్దెను ఇంటి ధరలోనే ముందుగా కలిపేసి ఉండొచ్చు. గ్యారంటీ ఇచ్చే కంపెనీయే నిలబడకపోతే ఆ కాగితం విలువ ఎంత?

జీపీఏ మీద అమ్ముతామంటే కూడా వద్దనండి. జనరల్‌ పవర్‌ ఆఫ్‌ అటార్నీతో చేసే అమ్మకం యాజమాన్య హక్కు బదిలీ కాదని 2011లోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

చూసుకునే మనిషి దొరికాకే ఇల్లు

పొరుగు రాష్ట్రంలో కొనేవాళ్లు ముందు ఇల్లు చూసి, తర్వాత చూసుకునే మనిషిని వెతుకుతారు. వరస తిరగేయండి. ఆ ఊళ్లో నమ్మకమైన మనిషి లేకపోతే ఎంత మంచి ఫ్లాట్‌ అయినా తలనొప్పే. బంధువైనా, స్నేహితుడైనా, ప్రాపర్టీ మేనేజ్‌మెంట్‌ కంపెనీ అయినా మూడు విషయాలు కాగితం మీద ఉండాలి. నెలకు ఎంత తీసుకుంటారు? ఎంత లోపు రిపేర్లు మిమ్మల్ని అడక్కుండా చేయించొచ్చు? కిరాయిదారు ఖాళీ చేసినప్పుడు ఎన్ని రోజుల్లో ఫొటోలు, వీడియోలతో లెక్క చెప్పాలి?

అద్దె నేరుగా మీ బ్యాంకు ఖాతాకే రావాలి. మధ్యలో ఎవరి చేతికీ వెళ్లకూడదు. వాళ్లకు పవర్‌ ఆఫ్‌ అటార్నీ ఇవ్వాల్సి వస్తే అద్దె ఒప్పందానికి, సొసైటీ పనులకు మాత్రమే పరిమితం చేసి రాయించండి. అమ్మే అధికారం అందులో ఉండకూడదు. మొహమాటానికి పోయి ఈ మాట రాయించకపోతే రేపు చుట్టరికం, ఇల్లు రెండూ చిక్కుల్లో పడతాయి.

11 నెలల అగ్రిమెంట్‌ ఎందుకు?

హాస్టల్‌ నుంచి రూమ్‌కు మారినవాళ్లంతా 11 నెలల అగ్రిమెంట్‌ మీద సంతకం పెట్టే ఉంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్‌ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టర్‌ చేయాలి. దాన్ని తప్పించుకోవడానికి పుట్టిన అలవాటే 11 నెలలు. కానీ ఇది అన్నిచోట్లా చెల్లదు. మహారాష్ట్రలో ‘లీవ్‌ అండ్‌ లైసెన్స్‌’ ఒప్పందం ఎన్ని నెలలదైనా రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్‌ చేయాలి. ఆ బాధ్యత ఓనర్‌దే. తమిళనాడులో 2017 చట్టం ప్రకారం అద్దె ఒప్పందాన్ని రెంట్‌ అథారిటీ దగ్గర నమోదు చేయించాలి. అడ్వాన్స్‌ విషయంలోనూ అలవాట్లు వేరు. బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్స్‌గా అడిగే రోజులుండేవి. హైదరాబాద్‌లో రెండు మూడు నెలలే. పుణెలో ఫ్లాట్‌ కొని హైదరాబాద్‌ స్టాంప్‌ పేపర్‌ మీద అగ్రిమెంట్‌ రాసుకుంటే వివాదం వచ్చినప్పుడు మీ పక్షం బలహీనపడుతుంది.

పన్ను దగ్గర పొరపడొద్దు

‘హోమ్‌లోన్‌ ఉంటే ట్యాక్స్‌ కలిసొస్తుంది’ అన్నది పాత మాట. ఇప్పుడు ఏ విధానం ఎంచుకున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అద్దె ఆదాయంలో ఇంటి పన్ను తీసేశాక, మిగిలిన దాంట్లో 30 శాతం మినహాయింపు రెండు విధానాల్లోనూ ఉంది. అద్దెకిచ్చిన ఇంటి మీద వడ్డీని ఆ అద్దెలోంచి తీసేసుకోవచ్చు. అలా తీసేయగా నష్టం మిగిలితే పాత విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో జీతంలోంచి తగ్గించుకునే వీల్లేదు. ఇప్పుడు మీరు ప్రత్యేకంగా ఎంచుకోకపోతే వర్తించేది కొత్త విధానమే. సీనియర్‌ చెప్పిన ట్యాక్స్‌ లాభం మీకు వర్తించకపోవచ్చు.

ఇంటి ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లే 1 శాతం టీడీఎస్‌ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాళ్లు విదేశాల్లో స్థిరపడినవాళ్లయితే ఈ 1 శాతం సరిపోదు. రేటూ ఎక్కువ, పద్ధతీ వేరు. మన హైదరాబాద్‌లో ఎన్నారైల ఫ్లాట్లు చాలానే ఉన్నాయి కాబట్టి అమ్మేవాళ్ల హోదా అడిగి తెలుసుకోవడం తప్పనిసరి. పట్టుకోకపోతే బాధ్యత కొన్నవాళ్ల మీదే పడుతుంది.

ఇల్లు కొనకుండా అద్దెలో వాటా

అద్దె ఆదాయం కావాలి, 18 లక్షలు లేవు, చూసుకునే మనిషీ లేడు. అలాంటివాళ్లకు రీట్‌లు ఒక దారి. ఆఫీసు భవనాలు, మాల్స్‌ లాంటి వాటిని ఒక ట్రస్టు కింద ఉంచి, ఆ ట్రస్టు యూనిట్లను షేర్లలా స్టాక్‌ ఎక్స్ఛేంజీలో అమ్ముతారు. మన దేశంలో మొదటిది ఎంబసీ ఆఫీస్‌ పార్క్స్‌, 2019లో లిస్టయింది. తర్వాత మైండ్‌స్పేస్‌, బ్రూక్‌ఫీల్డ్‌, నెక్సస్‌ వచ్చాయి. మాదాపూర్‌లో మీరు ఇంటర్వ్యూకు వెళ్లే మైండ్‌స్పేస్‌ క్యాంపస్‌ భవనాల అద్దెలో కొంత ఇలా యూనిట్లు కొన్నవాళ్లకు వెళ్తుంది. సెబీ నిబంధనల ప్రకారం పంచదగిన నగదులో కనీసం 90 శాతం యూనిట్‌దారులకు పంచాలి. 2021 నుంచి ఒక్క యూనిట్‌ అయినా కొనొచ్చు. కొన్ని వందల రూపాయలతో మొదలుపెట్టొచ్చు, అవసరమైతే అమ్ముకోవచ్చు. అలాగని నష్టం ఉండదని కాదు. ఆఫీసులు ఖాళీ అయితే పంపిణీ తగ్గుతుంది, యూనిట్‌ ధర పడిపోతుంది. కాకపోతే పడేది మీరు పెట్టిన డబ్బు వరకే. మీ కెరీర్‌ మీద పడదు.

జేబులో రూపాయి లేకున్నా ఇప్పుడే మొదలుపెట్టొచ్చు

ఈ సెమిస్టర్‌లోనే చేయగలిగే పని ఒకటుంది. ఒక నగరం, అందులో ఒకే ఒక ఏరియా ఎంచుకోండి. ప్రాపర్టీ సైట్లలో అమ్మకానికున్న 30 డబుల్‌ బెడ్‌రూమ్‌ ఫ్లాట్లు, అద్దెకున్న 30 ఫ్లాట్లు చూసి ధర, విస్తీర్ణం, అద్దె, ఎన్ని రోజులుగా ప్రకటన ఉందో ఎక్సెల్‌ షీట్‌లో ఎక్కించండి. చదరపు అడుగు ధర, చదరపు అడుగు అద్దె లెక్కగట్టండి. పైన చెప్పిన ఖర్చులన్నీ తీసేసి నికర రాబడి ఎంతో తేల్చండి. మూడు నెలల తర్వాత మళ్లీ చూడండి. ఏవి పోయాయి, ఏవి ధర తగ్గించాయి, ఏవి అలాగే ఉన్నాయి? సైట్లో ఉండేది అడిగే ధరే, కుదిరే ధర కాదు. అది తెలుసుకోవడానికి ఆ ఏరియాలో ఉన్న మీ సీనియర్‌కు ఫోన్‌ చేయండి. వాచ్‌మన్‌తో మాట్లాడమనండి. ఏ ఫ్లాట్‌ ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో వాచ్‌మన్‌కు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు.

పైథాన్‌ వచ్చినవాళ్లు ఇదే డేటాతో వడ్డీ 1 శాతం పెరిగితే, అద్దె రెండు నెలలు రాకపోతే, ధర అయిదేళ్లు కదలకపోతే ఏమవుతుందో ఒక చిన్న మోడల్‌ రాసుకోవచ్చు. డేటా అనలిస్ట్‌ ఉద్యోగాలకు రెజ్యూమెలో పెట్టుకోదగ్గ ప్రాజెక్టు కూడా అవుతుంది. ఇంటర్వ్యూలో ప్రతివాళ్లూ చూపించే టైటానిక్‌ డేటాసెట్‌ కన్నా, మీరే సేకరించి మీరే ప్రశ్న వేసుకున్న ఈ షీట్‌ గురించి మాట్లాడటానికి మీ దగ్గర ఎక్కువ విషయం ఉంటుంది.

రేపు ఎవరైనా ‘అద్దే ఈఎంఐ కట్టేస్తుంది’ అంటే వాదించక్కర్లేదు. ధర ఎంత, అద్దె ఎంత, ఏడాదిలో ఎన్ని నెలలు ఖాళీ, అక్కడ చూసుకునేది ఎవరు.. ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబులు అంకెల్లో వస్తే ఫ్లాట్‌ చూడ్డానికి వెళ్లండి. ‘నీకెందుకు, ధరలు పెరుగుతాయిలే’ అన్న జవాబొస్తే అడ్వాన్స్‌ ఇవ్వకండి. అప్పటిదాకా ఆ డబ్బు మీ ఖాతాలోనే ఉండనివ్వండి.